పడవ మీద వచ్చిన బియ్యం

"ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి" అంటారు మన పెద్దవాళ్ళు. కలిగినవాళ్ళు చితికిపోయినప్పుడూ, లేనివాళ్ళు నాలుగు రాళ్ళు వెనకేసుకున్నప్పుడూ వాడే మాట. వాడీ వాడీ అరిగిపోయింది కాబట్టి, అందులో నిజంగానే ఒక ఓడా, ఒక బండీ ఉన్నాయన్న సంగతి మరిచిపోయాం. నాకు మాత్రం ఆ సామెత అక్షరాలా నిజమనిపిస్తుంది. మన కోస్తాలో ఒకప్పుడు పడవలు చేసిన పనిని ఇవాళ బళ్ళు చేస్తున్నాయి. బళ్ళంటే ఎడ్లబళ్ళు కాదు లెండి, లారీలు. ఆ మార్పు ఎలా వచ్చిందో, దానికి మనం ఏం ఖరీదు కడుతున్నామో కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

ముందు మీ వంటింట్లో డబ్బాల వరస ఒకసారి చూడండి. బియ్యం, కందిపప్పు, ఉప్పు, చింతపండు, నూనె. ఇందులో మీ ఊళ్ళో పుట్టినవి ఎన్ని? వీటిలో ఒక్కదానికీ కాళ్ళు లేవు. ఎవరో ఒకరు మొయ్యాలి. మోసినదానికి తిండి పెట్టాలి. ఎద్దుకైతే గడ్డి, లారీకైతే డీజిలు. తిన్నది ఏదైనా వదిలేది వదులుతుంది కదా! ఎద్దు వదిలింది పిడకలకో, పొలానికి ఎరువుకో పనికొచ్చేది. లారీ వదిలింది ఎందుకూ పనికిరాదు సరికదా, గాలిలో కలిసి మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రోడ్లూ రైళ్ళూ లేని కాలంలో కోస్తా ఉప్పుని దక్కనులోకి మోసినవాళ్ళు లంబాడీలు. వేలకొద్దీ ఎద్దుల మీద గోనెలు వేసుకుని, దారిలో దొరికిన పచ్చిక మేపుకుంటూ సాగిపోయేవారు. పొగ లేదు, ఖర్చు తక్కువ. అయితే ఆ పద్ధతిలో ఒక పెద్ద చిక్కుంది. కరువొచ్చిందనుకోండి, మనిషికి గింజ ఎంత అవసరమో ఎద్దుకి గడ్డి అంత అవసరం. గడ్డి లేకపోతే ఎద్దు కదలదు. ఎద్దు కదలకపోతే గింజ రాదు. 1832-33లో గుంటూరు సీమలో వచ్చిన డొక్కల కరువులో జరిగింది అదే. ఐదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షలమంది పోయారని చెబుతారు. అంచేత సరుకు రవాణా అంటే వర్తకుల గొడవ, మనకెందుకులే అనుకోవడానికి వీల్లేదు. అది కదలకపోతే ముందు ఆరేది మన పొయ్యే.

ఇలాంటి కరువుల తరవాత గోదావరి మీదికి వచ్చినవాడు ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855 నాటికి లేచింది. కాటన్ దొర పేరు చెప్పగానే మనకి పచ్చటి వరిచేలు గుర్తొస్తాయి. కాని ఆయన కాలువలు తవ్వించింది పొలాలు తడపడానికి మాత్రమే కాదు. ఆ కాలువల మీద పడవలు నడవాలన్నది ఆయన రెండో పట్టుదల. ఒకే నీరు అటు పంటకీ, ఇటు ప్రయాణానికీ. మనం అన్నం వార్చిన గంజి పారబొయ్యకుండా బట్టలకి పెట్టుకున్నట్టు!

నీటి మీద మొయ్యడం ఎందుకు తేలిక అంటారా? నూతిలో నీళ్ళు తోడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చేద నీళ్ళలో ఉన్నంతసేపూ చెయ్యి నొప్పే తెలియదు. నీటి పైకి రాగానే భుజం లాగేస్తుంది. నీటిలో ఉన్నప్పుడు బరువు నీరు మోస్తుంది. పడవ సంగతీ అంతే. బరువంతా కాలువ మోస్తే, ముందుకు నడిపించడమే మనిషి పని. రెండు జీతాల పనిలో ఒకటి నీరు ఉచితంగా చేసిపెడుతుందన్నమాట.

ఇక ఆ దారి ఎంత పొడుగో వినండి. కాకినాడలో పడవెక్కిన బియ్యం బస్తా 50 కిలోమీటర్లు కాకినాడ కాలువలో వచ్చి ధవళేశ్వరం చేరేది. గోదావరి దాటి ఏలూరు కాలువలో 139 కిలోమీటర్లు వస్తే బెజవాడ. కృష్ణ దాటాక కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు, చీరాల దగ్గర పెదగంజాం దాకా. అక్కణ్ణించి బకింగ్‌హాం కాలువ సముద్రాన్ని ఆనుకుని, పులికాటు సరస్సు మీదుగా 316 కిలోమీటర్లు నడిచి మద్రాసులో దింపేది. మొత్తం 618 కిలోమీటర్లు. నీటి మట్టం ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా ఉంటే ఎలా అంటే, అందుకే లాకులు. లాకంటే పడవకి కట్టిన మెట్టు. తలుపులు మూసి నీరు నింపితే పడవ పైమెట్టు ఎక్కుతుంది, వదిలేస్తే కింది మెట్టు దిగుతుంది.

ఈ బకింగ్‌హాం కాలువ ఒక్కసారిగా పుట్టలేదు. 1806లో బేసిల్ కాక్రేన్ అనే వర్తకుడు మద్రాసు నుంచి ఎన్నూరు దాకా ఒక ముక్క తవ్వించాడు. 1837లో ప్రభుత్వం దాన్ని తీసుకుని కొంచెం కొంచెంగా ఉత్తరానికి, మన వైపుకి పొడిగించింది. మద్రాసు నగరం మధ్యలో కూవం నదికీ అడయారుకీ నడుమ మిగిలిన ఎనిమిది కిలోమీటర్ల ముక్కని 1877-78లో తవ్వారు. అప్పుడు తాండవిస్తున్నది ధాత కరువు. కూలి కోసం, అంటే తిండి కోసం, జనం పలుగూ పారా పట్టారు. ఆ కరువులో సహాయపు పనుల మీద మగవాడికి కొంతకాలం ఇచ్చిన రోజు కూలి ఒక పౌను గింజలు, పైన ఒక అణా. పౌనంటే అరకిలో కూడా కాదు. అది తిని రోజంతా మట్టి మోశారు. కాలువకి అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

ఆ కాలువ మీద మద్రాసుకి వెళ్ళనిదేముంది? నెల్లూరు బియ్యం, తీరం వెంట పండిన ఉప్పు, సున్నం కాల్చడానికి గుల్లలు, వంటచెరుకు, బొగ్గులు. గాలి వాలుగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గెడలు వేసేవారు. అదీ కుదరకపోతే పడవవాళ్ళు గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని లాక్కుంటూ నడిచేవారు. పొగ లేదన్న మాట నిజమే. కాని చెమట ఉంది. పడవ లాగినవాడి భుజం కాయలు కాచిన సంగతి మరిచిపోయి "ఆహా, ఆ రోజులు!" అనుకుంటే పాపం. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మద్రాసు పొయ్యిలు మండడానికి శ్రీహరికోట అడవి కట్టెలైపోయి ఈ కాలువ మీదే తరలిపోయింది. పడవ మంచిదైనంత మాత్రాన అది మోసిన సరుకంతా మంచిదని కాదు.

మా అమ్మమ్మ కొత్త కాపురం మద్రాసులోనే. బేసిన్ బ్రిడ్జి వైపు పడవల్లో సరుకు దిగేదని చెప్పేది. "బియ్యం ఎన్నాళ్ళకి వచ్చేవి అమ్మమ్మా?" అని నేనడిగితే, "వచ్చినప్పుడు వచ్చేవే, తొందరేముందీ?" అనేది. ఆ తొందరలేనితనం ఎక్కణ్ణించి వచ్చిందా అని తరవాత చాలాసార్లు ఆలోచించాను. సంగతేమిటంటే, వాళ్ళింట్లో కొట్టుగది ఉంది. ఏడాదికి సరిపడా బియ్యం, చింతపండు, మిరపకాయలు, పప్పులు అందులో ఉండేవి. పడవ పది రోజులు ఆలస్యమైతే ఎవరికి నష్టం? అంటే, నెమ్మదిగా నడిచే పడవకి ఊతమిచ్చింది కాలువ ఒక్కటే కాదు, ప్రతి ఇంట్లోనూ ఉన్న ఆ చీకటి కొట్టుగది కూడాను! చరిత్ర పుస్తకాలు రాసేవాళ్ళు కాలువ పొడుగు కొలిచారు గాని, ఈ గది వంక చూసినట్టు లేదు.

సరే, ఇంత చక్కటి దారి ఎందుకు పాడుబడింది? రైలు వచ్చింది కాబట్టి అంటాం. అది సగం నిజం. రైళ్ళా, కాలువలా అని ఆ రోజుల్లో పెద్ద వాదం నడిచింది. మన దేశంలో బరువైన సరుకు చవగ్గా పోవాలంటే జలమార్గాలే దిక్కని కాటన్ దొర ఏళ్ళ తరబడి వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఎదుట కూడా అదే చెప్పాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. రైలు కంపెనీలలో డబ్బు పెట్టిన ఇంగ్లండు వాళ్ళకి నూటికి ఐదు వంతుల వడ్డీ గ్యారంటీ అని మొదట్లోనే ప్రభుత్వం మాటిచ్చింది. లాభం రాకపోతే ఆ వడ్డీ కట్టేది మన రైతు పన్నుల్లోంచే. కాలువలకి అలాంటి అత్తింటి ఆదరణ లేదు. చివరికి 1899లో మద్రాసు-బెజవాడ రైలు మార్గం పూర్తయింది. కాటన్ దొర కన్నుమూసిందీ ఆ ఏడే, జులైలో. కథలో రాస్తే కల్పించారంటారు!

అయినా పడవలు ఒక్కరోజులో ఆగిపోలేదు. ఇంకో అరవై డెబ్బై ఏళ్ళు ఉప్పూ కట్టెలూ మోస్తూనే ఉన్నాయి. తరవాత రోడ్లు బాగుపడ్డాయి, లారీలు పెరిగాయి. 1960లలోనూ 70లలోనూ వచ్చిన తుపానులు గట్లు తెంపేశాయి, పూడిక నింపేశాయి. బాగుచేసే నాథుడు లేడు. మద్రాసు నగరంలోనైతే కాలువ మురుగుపాలైంది. 1990లలో నగరపు ఎత్తు రైలు స్తంభాలు కాలువలోనే దిగాయి. రైలు పడవని మొదట ఓడించి, ఆ తరవాత దాని రొమ్ము మీదే కాళ్ళు పెట్టిందన్నమాట.

కాని ఆ కాలువకి మనమీద పగ లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, పెదగంజాం నుంచి చెన్నై దాకా లోపలికి దూకిన సముద్రపు నీటిని చాలాచోట్ల తన కడుపులో పట్టుకుని, కాసేపటికి మళ్ళీ సముద్రానికి వదిలేసింది. దానివల్ల ఎందరో జాలరులు బతికి బయటపడ్డారు. మూల కూర్చోబెట్టిన ముసలమ్మ, ఇంటికి నిప్పంటుకుంటే ముందుగా బిందె అందుకున్నట్టు!

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. లెక్కలంటే భయపడకండి, ఇది వంటింటి కొలతే. ఒక లీటరు డీజిలుతో ఒక టన్ను సరుకుని లారీ 24 కిలోమీటర్లు మోస్తే, రైలు 85, పడవ 105 కిలోమీటర్లు మోస్తాయని జలమార్గాలవాళ్ళు తరచుగా చెప్పే లెక్క. రైలు చక్రం నున్నటి పట్టా మీద దొర్లుతుంది. లారీ టైరు తారు మీద నలుగుతూ పోతుంది. గాలి తగ్గిన సైకిలు తొక్కినవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. ఈ లెక్కని కాకినాడ-మద్రాసు దారికి వేస్తే, 25 కిలోల బియ్యం బస్తా ఒక్కదానికి లారీలో సుమారు 640 మిల్లీలీటర్ల డీజిలు కావాలి. రైల్లో 180. పడవలో 150, అంటే ఒక పెద్ద టీ గ్లాసుడు. తెరచాప రోజుల్లో అదీ లేదు. ఇప్పటి పెద్ద లారీలు నిండా సరుకు వేసుకుని వెళితే ఇంతకంటే నయమే. ఖాళీగా తిరిగొస్తే ఇంతకంటే ఘోరం. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టినట్టే కదా అది!

ఒక లీటరు డీజిలు కాలితే దాదాపు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు తయారవుతుంది. లీటరు డీజిలు బరువే కిలో లేదు, ఇంత ఎలా వచ్చిందంటే, గాలిలోని ప్రాణవాయువు వచ్చి అందులో కలుస్తుంది. ఆ వాయువే భూమి వేడెక్కడానికి మూలం. వేసవిలో వడగాడ్పుకి మనుషులు రాలిపోతున్నారని పేపర్లో చదివి నిట్టూరుస్తాం. ఆ వేడిలో మన బియ్యం బస్తా వంతు కూడా కొంచెం ఉంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశపు సరుకులో పదింట ఎనిమిది వంతులకి పైగా రైలు మీదే పోయేది. ఇవాళ మూడో వంతు కూడా లేదు. ఎక్కువ భాగం రోడ్డు మీదే. ఒక గూడ్సు బండి సుమారు రెండున్నర వేల టన్నులు లాగుతుంది. పది టన్నుల లారీలైతే రెండువందల యాభై కావాలి. రెండువందల యాభై లారీల పొగా, హారన్లూ, నిద్ర చాలని డ్రైవర్లూ!

ప్రభుత్వాలకీ ఈ సంగతి తెలిసొచ్చింది. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ పాత కాలువలనీ, వాటితో పాటు గోదావరి, కృష్ణ నదుల కొంత భాగాన్నీ కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2017లో కృష్ణ మీద ముక్త్యాల-విజయవాడ మధ్య పనులకి శంకుస్థాపన చేశారు. కాటన్ దొర చెప్పిన మాటకి నూట ముప్ఫై ఏళ్ళకి ముహూర్తం కుదిరింది. రైల్వేవాళ్ళు 2030 నాటికి సరుకులో నూటికి 45 వంతులు రైలెక్కించాలని ప్రణాళిక వేసుకున్నారు. కొంకణ్ రైల్వే 1999 నుంచే సరుకుతో ఉన్న లారీలని అమాంతం రైలు పెట్టెల మీదికి ఎక్కించి తీసుకుపోతోంది. చూశారా, ఇక్కడ బళ్ళే బళ్ళెక్కాయి! పాలు పాడైపోతాయి, వాటికి లారీలే గతి అనుకుంటాం కదా. 2020లో మన రేణిగుంట నుంచి పాల ట్యాంకర్లతో ప్రత్యేకంగా రైలు ఢిల్లీ వెళ్ళింది. అదే ఏడు సెప్టెంబరులో అనంతపురం పండ్లు కిసాన్ రైలెక్కి ఢిల్లీ చేరాయి.

అడ్డంకులు లేవని కాదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. పొలానికే చాలని నీరు పడవకెక్కడిది? పాత వంతెనలు కిందుగా ఉన్నాయి. రైలు కరెంటు మీద నడిచినా, ఆ కరెంటు ఇంకా చాలావరకు బొగ్గులోంచే వస్తోంది. ఇవన్నీ పెద్దవాళ్ళు తేల్చవలసిన సంగతులు. మరి మన వంతేమీ లేదా? ఉంది. ఆ కొట్టుగది సంగతే నేను చెప్పబోతున్నది.

ఇప్పుడు మన ఇళ్ళల్లో కొట్టుగది లేదు. ఫ్లాట్లలో చోటు లేదు. బియ్యం ఎండబెట్టడం, పురుగు పట్టకుండా చూడటం, చింతపండు గింజ తియ్యడం అమ్మమ్మల నడుములు విరిచిన పనులు. ఉద్యోగాలకి పరుగెత్తే ఆడవాళ్ళు మళ్ళీ అవన్నీ చెయ్యాలని నేననను. అనేవాళ్ళుంటే ముందు వాళ్ళనే ఎండలో కూర్చుని గింజ తియ్యమందాం. కాని కొట్టుగదితో పాటు ఇంకొకటి కూడా పోయింది. అదే నెల సరుకుల చీటీ. ఒకటో తారీఖున కూర్చుని, ఏది ఉంది, ఏది లేదు చూసుకుని, ఒక్క చీటీ రాసి, ఒక్క రిక్షాలో ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. ఇవాళ సరుకు రవాణా సంస్థలు పెద్ద పెద్ద కంప్యూటర్లు పెట్టి కనిపెడుతున్నది కూడా అదే. విడివిడిగా పదిసార్లు తిరగడం కంటే, కలిపి నిండు బండి ఒక్కసారి పంపడం మేలని!

ఇప్పుడేమో ఫోను నొక్కితే కొత్తిమీర కట్ట పావుగంటలో గుమ్మంలో ఉంటుంది. ఒక కుర్రాడు లీటరుకి యాభై కిలోమీటర్లు ఇచ్చే మోటారు సైకిలు మీద, రానూ పోనూ పది కిలోమీటర్లు తిరిగితే కాలేది 200 మిల్లీలీటర్ల పెట్రోలు. కాకినాడలో పడవెక్కి మద్రాసులో దిగే 25 కిలోల బియ్యానికి పైన చెప్పిన లెక్క ఎంత? 150. ఆ మోటారు సైకిలు కరెంటుదైతే పొగ కొంత తగ్గుతుంది గాని, పరుగెత్తే ఆ కుర్రాడి ప్రాణం మీది తొందర తగ్గదు.

అన్నిటికీ తొందర అక్కర్లేదు. మందులకి కావాలి, పసిపిల్లల పాలకి కావాలి. సబ్బులకీ, దుప్పట్లకీ, కందిపప్పుకీ అవసరమా? "రేపటికే కావాలా, నాలుగు రోజులు ఆగుతారా?" అని కొన్నిచోట్ల వాళ్ళే అడుగుతున్నారు. ఆగుతామంటే, ఆ సరుకు మిగతావాటితో కలిసి నిండు బండిలో రావడానికి వీలుంటుంది. అపార్టుమెంటులో నలుగురు కలిసి బియ్యం ఒకేసారి తెప్పించుకుంటే నాలుగు ప్రయాణాలు ఒకటవుతాయి. పైగా బేరం కూడా కలిసొస్తుంది, ఆ సంగతి మీకు నేను చెప్పాలా?

లాకులు బాగుచెయ్యడం, పూడిక తియ్యడం మన చేతిలో లేదు. అవి చెయ్యమని అడగడం మాత్రం మన హక్కే. మన చేతిలో ఉన్నది నెలకొక చీటీ, దాని మీద నాలుగు రోజుల గడువు. ఈసారి ఒకటో తారీఖున ఒక కాగితం తీసి రాసి చూడండి. ఇంట్లో ఇప్పటికే ఉన్న సరుకు ఎంతో తేలాక, కొనవలసింది సగానికి తగ్గినా ఆశ్చర్యం లేదు.